లేని డబ్బాల మధ్య సంబంధం

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చి ఆరేళ్ళే అయింది. పొట్టలో చుక్క పెట్టాల్సిన చోట ఇప్పటికీ మర్చిపోతాను. ఒత్తులు సరిగ్గా కింద నిలబడక పక్కకి జారిపోతాయి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. కథ మాత్రం పరుగెత్తేదే, నెమ్మదంతా నా చేతిది. ఇందులో అమ్మమ్మ అని ఒకావిడ వస్తుంది. ఆవిడ గొంతు కాస్త పెద్దది. ఆవిడ్ని కూడా ఇప్పుడే క్షమించేశారంటే మీకు తర్వాత తేలిగ్గా ఉంటుంది.

ఇక కథ.

"తప్పు మీ వైపే ఉంది!"

"మా వైపు చూశానండీ. సరిగ్గానే ఉంది."

"సరిగ్గా ఉంటే ఎందుకు కలవడం లేదు?"

"కాస్త నిదానంగా చూద్దాం మేడం."

"పొద్దున్నుంచి ఇదే మాట! మీ పేరు నిదానమా ఏంటండీ?"

అవతల ఫోన్లో చిన్న నవ్వు వినిపించింది. ఆ నవ్వుకి అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

ఆ అమ్మాయిని ఇంట్లో తూనీగ అంటారు. చిన్నప్పటి నుంచీ ఒక్కచోట నిలవదు. అన్నం తింటూనే చెప్పులేసుకుంటుంది, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెబుతుంది. కళ్ళద్దాలు తయారుచేసే ఒక కంపెనీలో, పాత బిల్డింగు రెండో అంతస్తులో, కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపే పని ఆమెది.

కంపెనీ కొత్త బిల్డింగుకి మారుతోంది. ఊళ్ళో వేలమంది కళ్ళ నంబర్లు దాచుకున్న కంప్యూటర్లు ఇవి. ఒక్క రోజు ఆగినా కుదరదు. అందుకని పెద్దసారు ఒక ఆజ్ఞ ఇచ్చారు. "ఇల్లు మారుతున్న సంగతి కంప్యూటర్లకి తెలియకూడదు! సగం ఇక్కడ, సగం అక్కడ ఉన్నా, అన్నీ ఒకే గదిలో ఉన్నామనుకోవాలి. శుక్రవారం కల్లా!"

దానికోసం బయటి కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చి కొత్త బిల్డింగులో కూర్చున్నాడు. అతనే నిదానం. పని అయ్యేదాకా ఉంటాడు, అవగానే ఇంకో ఊరు. ఊరికి ఈ చివర ఆమె, ఆ చివర అతను. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం దాకా మూడు గంటలు తూనీగ అతన్ని దులిపేసింది. ఇంకోసారి దులపడానికి ఫోన్ తీస్తూ, తన స్క్రీన్ మీద ఒక వరుస చూసి ఆగిపోయింది. "అవతలి చిరునామా" అని రాయాల్సిన చోట, తొందరలో, తన చిరునామానే రాసుకుంది. పొద్దున్నుంచీ ఆమె పంపిందంతా ఆమె దగ్గరికే తిరిగొస్తోంది.

ఫోన్ మోగింది. నిదానమే.

"మేడం, ఒక చిన్న అనుమానం..."

"చెప్పకండి! నాకు తెలిసిపోయింది."

"నేనేం అనలేదండీ."

"అనబోయారు. తప్పు నాదే. మూడు గంటలు అన్యాయంగా తిట్టాను. మీరూ ఒక మూడు గంటలు తిట్టండి, చెల్లుకి చెల్లు." అని పకపకా నవ్వేసింది.

"తిట్లు వెంటనే రావండీ నాకు. ఆలోచించుకుని, శుక్రవారం లోపు తిడతాను" అన్నాడు.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వచ్చి తూనీగ ఈ సంగతంతా, రెండు స్విచ్చులు కలవడం లేదని, చేతులు తిప్పుతూ చెప్పింది. వినేది అమ్మమ్మ. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

"ఏ స్విచ్చుల గురించే చెప్పేది? గోడకుండేవా?"

"గోడకి కాదు అమ్మమ్మా. ఇవి కంటికి కనపడవు. కంప్యూటర్ లోపల ఉన్నట్టు అనుకోవడమే."

"లేని డబ్బాలన్నమాట."

"అంతే! అక్కడో లేని డబ్బా, ఇక్కడో లేని డబ్బా. రెండింటి మధ్య ఒక టన్నెల్. ఇక్కడి ఉత్తరాన్ని ఇంకో కవర్లో పెట్టి, పైన అవతలి డబ్బా చిరునామా రాసి పంపుతాం. అక్కడ పై కవరు చింపి, లోపలి ఉత్తరం ఇచ్చేస్తారు. దారిలో వాళ్ళకి లోపల ఏముందో తెలీదు."

అమ్మమ్మకి ఉత్తరాలంటే బాగా తెలుసు. పెళ్ళైన కొత్తలో తాతయ్య దూరాన పని చేసేవాడు. ఆయన రాసినవి పక్కింటాయన చదివిపెట్టేవాడు. అది తెలిసి తాతయ్య "క్షేమం, నువ్వు క్షేమమా" అని తప్ప ఇంకో మాట రాసేవాడు కాదు.

"ఆ టన్ను... టన్నే..." అని అమ్మమ్మ నాలుగైదుసార్లు ప్రయత్నించింది. నోరు తిరగలేదు. "పోనీ సంబంధం అంటానే. రెండు వైపుల వాళ్ళూ ఒప్పుకోవాలి, మధ్యలో వాళ్ళకి తెలియకూడదు. సంబంధమే కదా?"

తూనీగ నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో టన్నెల్ పేరు సంబంధం.

మంగళవారం వాన మొదలైంది. కిటికీ అద్దాల మీద చినుకులు ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగుతున్నాయి.

చిరునామాలు సరిపోయాయి కానీ టన్నెల్ ఇంకా నిలబడలేదు. దానికి ఒక తాళం నంబరు ఉంటుంది. రెండు వైపులా ఒకే నంబరు ఉండాలి, లేకపోతే వచ్చిన కవర్ని పక్కన పారేస్తుంది. కాగితం మీద పద్నాలుగు అని ఉంది. తూనీగ తొందరలో నలభై ఒకటి కొట్టింది.

నిదానం అది గమనించాడు. 'నిన్ననే ఒక తప్పు ఒప్పుకుంది పాపం, మళ్ళీ చెప్పడమెందుకు' అనుకుని, చడీచప్పుడు లేకుండా తన వైపు నలభై ఒకటి చేసేశాడు.

సరిగ్గా అదే నిమిషంలో తూనీగ తన తప్పు చూసుకుంది. అతనికి తెలిసేలోపే దిద్దేయాలని గబగబా పద్నాలుగు చేసేసింది.

కలవలేదు.

'అయ్యో, నేను కొట్టిందే అతను పెట్టాడా!' అని ఆమె మళ్ళీ నలభై ఒకటి చేసింది. 'ఆవిడే దిద్దుకుంది' అని అతను మళ్ళీ పద్నాలుగు చేశాడు.

మూడోసారి మార్చబోయేలోపు ఫోన్ మోగింది.

"మేడం, మీరేమైనా మారుస్తున్నారా?"

"మీరు మారుస్తున్నారా?"

"మీకోసం మార్చానండీ."

"నేనూ మీకోసమే మార్చాను!"

ఇరుకు సందులో ఎదురుపడిన ఇద్దరు, దారి ఇద్దామని ఇద్దరూ ఒకే పక్కకి జరిగితే ఎలా ఉంటుందో అలా ఉంది. తూనీగకి నవ్వు ఆగలేదు. పక్క టేబుల్ వాళ్ళు తలలెత్తి చూశారు. ఫోన్లో నిదానం కూడా నవ్వుతున్నాడు. అతను నవ్వు కూడా నిదానంగానే మొదలుపెడతాడు, మొదలుపెడితే మాత్రం ఆపడు.

"ఇలా అయితే ఈ జన్మకి కలవం" అన్నాడు.

ఆ మాట అతను తాళం నంబరు గురించే అన్నాడు. అయినా ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరో ఒకరు కదలకుండా ఉండాలండీ. నేను కదలను. మీరు రండి... అంటే, మీరు మార్చండి."

"కదలరుగా?"

"కదలడం నాకు కష్టం. తెలుసు కదా."

ఆమె పద్నాలుగు చేసింది. స్క్రీన్ మీద టెస్టు కిటికీ ఒకటి ఉంది, రెండు చివరలా మాటలు రాసుకునేది. అందులో మొదటి మాట వచ్చింది: "ఉన్నారా?"

"ఉన్నా" అని రాసింది. ఎందుకో ఆ రెండక్షరాలే రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకుంది.

ఆ సాయంత్రం గొడుగు చేతిలోనే పెట్టుకుని, తెరవడం మర్చిపోయి, ఇంటిదాకా తడుస్తూ వచ్చింది. అమ్మమ్మ తువ్వాలుతో తల తుడుస్తూ అడిగింది, "సంబంధం ఎంతవరకు వచ్చింది?"

"చాలావరకు. కానీ శుక్రవారం అయిపోతే అతను వెళ్ళిపోతాడే అమ్మమ్మా."

"మరి ఆలోపు ఏదైనా చెబుతాడా?"

"ఎవరు? ఏం చెబుతాడు? నేనేమైనా అన్నానా?" అని తూనీగ తువ్వాలు లాక్కుని మొహం దాచుకుంది.

బుధవారం రోడ్లన్నీ నీళ్ళు. బస్సులు నడవలేదు. తూనీగ ఇంట్లోంచే పని చేస్తోంది, చెవికి ఫోన్ తగిలించుకుని. అవతల నిదానం. మాటల్లో పని పావు వంతు, మిగతాది ఏదో ఒకటి. వాన మీ వైపు ఎలా ఉంది, మా వైపు ఇలా ఉంది అని.

అప్పుడు వంటింట్లోంచి అమ్మమ్మ ఒక్క కేక పెట్టింది. ముందే చెప్పాను, గొంతు పెద్దదని.

"ఏమే! సంబంధం కుదిరిందా? అవతలివాళ్ళు ఏమన్నారు?"

తూనీగ ఫోన్ తీయకుండానే తిరిగి అరిచింది. "కుదిరినట్టే అమ్మమ్మా! శుక్రవారం కల్లా ఖాయం!"

"అవతలివాళ్ళు మంచివాళ్ళేనా?"

"బంగారం!"

మళ్ళీ ఫోన్లోకి వచ్చి, "ఆఁ, చెప్పండి" అంది.

"ఏం లేదండీ" అన్నాడు నిదానం. "కంగ్రాట్స్."

"అప్పుడేనా? ఇంకా రెండు రోజులుందిగా!"

"అవునండీ. రెండు రోజులే ఉంది."

ఫోన్ పెట్టేశాడు. వాన బాగా చప్పుడు చేస్తోంది కాబట్టి, అతని గొంతు దిగిపోయిన సంగతి ఆమె వినలేదు.

గురువారం ఆఫీసుకి వెళ్ళేసరికి అతను వేరే మనిషి. ఫోన్ లేదు. టెస్టు కిటికీలో "సరే మేడం", "చూస్తాను మేడం", "ఊ". అంతే.

దానికి తోడు కొత్త తలనొప్పి. చిన్న ఫైళ్ళు అవతలికి హాయిగా వెళ్తున్నాయి. పెద్దవి బయల్దేరుతున్నాయి, చేరడం లేదు. మధ్యలో ఎక్కడో మాయమైపోతున్నాయి. పెద్దసారు గంటకోసారి వచ్చి నిలబడి వెళ్తున్నారు.

మధ్యాహ్నం కిటికీలో ఒక మాట వచ్చింది.

"చదివారా మేడం?"

"ఏది?"

చాలాసేపటికి జవాబు వచ్చింది. "ఏం లేదండీ."

"ఏం చదవాలి? చెప్పండి!"

"వదిలేయండి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టను."

తూనీగ మూతి ముడుచుకుని కూర్చుంది. రేపే శుక్రవారం. రేపు సాయంత్రం అతను సంచీ సర్దుకుంటాడు. మనిషి మొహం కూడా చూడలేదు తను. ఏదో చెబుతాడని చూసి చూసి, చివరికి వచ్చింది "ఊ" ఒక్కటే.

దీపాలు పెట్టే వేళకి ఇంటికి చేరింది. అమ్మమ్మ బల్ల దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకుంటోంది. పాత కవర్ల వెనక రాయడం ఆవిడకి అలవాటు.

"ఏమైందే? మొహం అలా వేలాడేసుకున్నావు?"

"చిన్న మాటలే వస్తున్నాయి అమ్మమ్మా. ఊ, సరే, ఏం లేదు. పెద్దది ఒక్కటీ రావడం లేదు."

"ఫైళ్ళా, మనిషా?"

"రెండూ!"

అమ్మమ్మ కలం పక్కన పెట్టింది. "మీ తాతయ్యవీ చిన్న మాటలే వచ్చేవి. పెద్ద మాట ఆయన దగ్గర లేక కాదే. దారిలో పట్టదని. ఇదీ అంతేనేమో చూడు, ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది."

అని, కవర్లో కవరు ఎలా పడుతుందో చూద్దామని, తను దిద్దిన కాగితాలని ఉత్తరంలా లావుగా మడిచి ఒక కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో కుక్కబోయింది. పట్టలేదు. బలవంతంగా తోస్తే కవరు పర్రుమని చిరిగింది.

తూనీగ ఆ చిరిగిన కవర్ని చూస్తూ నిలబడిపోయింది. ఆ తర్వాత గబుక్కున వంగి అమ్మమ్మని ముద్దు పెట్టుకుంది. ఆ ఊపుకి అమ్మమ్మ కళ్ళజోడు నేలమీద పడింది.

"పై కవరు మందం లెక్కలో వేసుకోలేదు! దారికి పట్టేంత కొలతలో ఉత్తరం నింపేస్తున్నాం, పైన ఇంకో కవరు తొడిగేసరికి దారికి పట్టడం లేదు! లోపలి ఉత్తరాన్నే కాస్త సన్నగా మడవాలి!"

"ఏదో ఒకటి మడువు. ముందు నా కళ్ళజోడు వెతుకు."

శుక్రవారం పొద్దున్నే తూనీగ రెండు చివరలా కొలత తగ్గించింది. అతని వైపు మార్చడానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. తన కుర్చీలోంచే, అతని కంప్యూటర్లోకీ వెళ్ళి తనే మార్చేసింది. పెద్దసారు, ఇంకో అరడజను మంది వెనక చేరారు. అందరికీ కనపడాలని గోడ మీది పెద్ద స్క్రీన్ కూడా పెట్టారు.

"ఊఁ, కానీయమ్మా" అన్నారు పెద్దసారు.

ఫైళ్ళు కదిలాయి. ఒకటి, పది, వంద. జలపాతంలా పోతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ టెస్టు కిటికీకి ఒక మొండి అలవాటుంది. అవతలికి చేరని మాటని వదిలిపెట్టదు, చేరేదాకా మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది. చప్పట్లు ఇంకా ఆగకముందే ఆ కిటికీ టింగుమంది. నిన్న మధ్యాహ్నం నుంచి దారిలో ఇరుక్కున్న ఒక పొడుగాటి ఉత్తరం వచ్చి గోడ మీద పరుచుకుంది, గజం అక్షరాలతో.

"మేడం, నిన్న ఫోన్లో మీ ఇంట్లోవాళ్ళు అడగడం నా చెవిన పడింది. కావాలని వినలేదు. మీ సంబంధం కుదిరినందుకు సంతోషం. ఈ మాట రాయడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. మొదటిరోజు మీ తప్పు మీరే ఒప్పుకుని నవ్వారే, అప్పుడే చెప్పాల్సింది. శుక్రవారం లోపు చెబుదామని దాచుకున్నాను. నాకంటే వేగంగా ఎవరో వచ్చేశారు. నా నిదానమే నన్ను ముంచింది. ఆయనకి ఒక్క సంగతి చెప్పండి. మీరు ఎప్పుడైనా ఏదైనా తప్పు రాస్తే, మీకు తెలియకుండా ఆయన తన వైపు మార్చుకోకూడదు. ఎందుకంటే అప్పటికే మీరు మార్చేసి ఉంటారు..."

ఇంకా ఉంది. గోడ చాలలేదు.

పెద్దసారు నెమ్మదిగా కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.

"నాకు అద్దాలు లేకపోతే గోడే కనపడదమ్మా" అన్నారు. వెనకాల వాళ్ళ వైపు తిరిగి, "తీయండయ్యా!" అన్నారు. కళ్ళద్దాల కంపెనీ. అరడజను మందీ ఒకేసారి కళ్ళద్దాలు తీసేశారు.

అప్పటికి తూనీగ మెట్ల మీద ఉంది.

గొడుగు లేదు. బస్సు ఎక్కింది. రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. వానలో కొత్త బిల్డింగు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, రొప్పుతూ గదిలోకి వెళ్ళింది.

కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల తుడిచిపెట్టినట్టుంది.

"ఆయనా? ఇప్పుడే బండి మీద పాత బిల్డింగుకి వెళ్ళారు మేడం" అన్నాడు వాచ్‌మన్. "పెద్దసారుకి కాగితాలు అప్పగించి, అటునుంచి అటే ఊరెళ్తానన్నారు."

తూనీగ ఆ ఖాళీ కుర్చీలో కూలబడింది. బల్ల మీద కంప్యూటర్ ఇంకా వెలుగుతోంది. టెస్టు కిటికీ తెరిచి, తడిచేతుల్తో కొట్టింది.

"ఎవరైనా ఉన్నారా అక్కడ?"

జవాబు వచ్చింది.

"ఉన్నా. మీ కుర్చీలో. ఎదురుగా గోడ మీద నా ఉత్తరం ఉంది. ఇక్కడ ఎవరికీ కళ్ళద్దాలు లేవు. నాకేం అర్థం కావడం లేదు."

"నేను మీ కుర్చీలో ఉన్నా!"

"కదలకండి, వస్తున్నా."

"మీరు కదలకండి, నేను వస్తున్నా."

రెండూ ఒకేసారి చేరాయి. ఊరికి రెండు చివరలా ఇద్దరూ ఒకేసారి లేచారు, మళ్ళీ ఒకేసారి కూర్చున్నారు.

"తాళం నంబరు లాగే అవుతోంది" అని రాశాడతను.

"ముందు నేను చెప్పేది వినండి! సంబంధం అంటే టన్నెల్! మా అమ్మమ్మకి టన్నెల్ అనడానికి నోరు తిరగదు. మన టన్నెల్నే సంబంధం అంటుంది. కుదిరింది అదే. బంగారం అన్నది మిమ్మల్నే!"

కిటికీలో చాలాసేపు ఏమీ రాలేదు. బయట వాన. గోడ గడియారం. తూనీగ గోళ్ళు కొరికేసుకుంది.

"ఏం చేస్తున్నారండీ?"

"రాస్తున్నా. పెద్దది. టైం పడుతుంది."

"వద్దు! చిన్నదిగా రాయండి!"

ఇంకో నిమిషం. అప్పుడు వచ్చింది.

"మీరంటే ఇష్టం."

కవరు మందంతో సహా ఎక్కడా ఇరుక్కోకుండా వచ్చింది. తూనీగ దాన్ని నాలుగుసార్లు చదివి, జవాబుగా ఒకే ఒక్క మాట కొట్టింది.

"చేరింది."

వెంటనే ఇంకోటి. "ఇప్పుడు మీరు కదలొద్దు. కదలడం మీకు కష్టం కదా. నేను మార్చుకుంటా. అంటే, వస్తా."

ఈసారి ఆమె వెళ్ళేసరికి అతను అక్కడే ఉన్నాడు, చెప్పిన మాట మీద, ఆమె కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆమె అనుకున్నంత పొడుగు కాదు. అనుకున్నదానికంటే మంచి కళ్ళు. ఆమె జుట్టులోంచి నీళ్ళు కారి నేలమీద చిన్న మడుగు అయింది. ఇలా ఎదురుగా మాట్లాడటం ఇద్దరికీ కొత్త. కిటికీలో అయితే ఎంత తేలికో!

"ఉన్నారా?" అంది చివరికి.

"ఉన్నా" అన్నాడు.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. అవతలి గొంతు గది మొత్తానికి వినపడింది.

"ఏమే! సంబంధం కుదిరిందా? అవతలివాళ్ళు ఏమన్నారు?"

తూనీగ ఫోన్ అతని చేతికి ఇచ్చింది. అతను ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆలోచించుకున్నాడు.

"అవతలివాళ్ళు ఊ అన్నారు అమ్మమ్మగారూ" అన్నాడు.

పెద్దసారు జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నారు.

ఇట్లు,
తూనీగ అమ్మమ్మను. వయసు డెబ్భై రెండు. ప్రస్తుతం ఉంటున్నది తూనీగ, నిదానం కాపురముంటున్న ఇంట్లో, వీధి వైపు గదిలో. ఇక్కడ నేను మెల్లగా మాట్లాడాలని ఒప్పందం.